అద్దాల మేడల నడుమ పిట్ట సాక్ష్యం

సోమవారం నుంచి శుక్రవారం దాకా కీబోర్డు మీద ఆడే వేళ్లు శని, ఆదివారాల్లో షట్టర్ మీద ఉంటున్నాయి. ఐటీ కారిడార్‌లో పక్షుల ఫొటోగ్రఫీ సరదాగా మొదలైంది. నగరంలో ఏం మిగిలిందో, ఏం పోతోందో రుజువులతో చెప్పగల పని ఇప్పుడు దాని మీద పడింది.

శనివారం తెల్లవారుజామున అయిదున్నర. నైట్‌షిఫ్టు ముగించుకుని ఇళ్లకు చేరే వాళ్ల క్యాబులు తప్ప హైటెక్ సిటీ రోడ్ల మీద పెద్దగా అలికిడి ఉండదు. ఆ వేళకి మియాపూర్ అవతల అమీన్‌పూర్ చెరువు కట్ట దగ్గర ఒక్కొక్కటిగా కార్లు, బైకులు ఆగుతుంటాయి. డిక్కీలు తెరుచుకుంటాయి. మూరెడు పొడవు లెన్సులు, వాటికి ఆకుల రంగు తొడుగులు, మోనోపాడ్లు, ఫ్లాస్కుల్లో టీ బయటికొస్తాయి. మెడలో కంపెనీ ఐడీ కార్డు ఉండాల్సిన చోట బైనాక్యులర్ వేలాడుతుంటుంది.

"అన్నా, ఆ తూటి పొదల పక్కన చూడు. ఎడమకి... ఇంకొంచెం ఎడమకి."

"కనబడింది బ్రో. ఎర్రకాళ్ల కొంగేగా?"

"దాని వెనకన్నా, దాని వెనక!"

అక్కడ వినిపించే మాటలన్నీ ఇలాంటి గుసగుసలే. కొత్త పిట్ట కనబడితే "లైఫర్" అని మురిసిపోతారు. జీవితంలో తొలిసారి చూసిన జాతి అని దాని అర్థం. దూరంగా, మసగ్గా, పోల్చుకోవడానికి మాత్రమే పనికొచ్చేలా పడితే "ఏముంది, రికార్డ్ షాటే" అని పెదవి విరుస్తారు. అలా పెదవి విరిచిన ఫొటోలకే ఇప్పుడు ఈ నగరంలో విలువ పెరిగింది. ఎలాగో చెప్పుకోవాలంటే ముందు ఈ చెరువుల సంగతి, ఈ లెన్సుల సంగతి తెలియాలి.

ఊరు మారింది, పిట్టలు మారలేదు

1998 నవంబరులో నాటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించేనాటికి మాదాపూర్ చుట్టూ బండరాళ్ల గుట్టలు, సీతాఫలం చెట్లు, తుమ్మ పొదలు, చిన్నాపెద్దా చెరువులు ఉండేవి. ఆ తర్వాత పాతికేళ్లలో గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేట దాకా అద్దాల మేడలు లేచాయి. గోల్కొండ కోటకు నీళ్లిచ్చిన దుర్గం చెరువు మీద 2020లో తీగల వంతెన వచ్చింది. చాలామందికి అది సెల్ఫీలు దిగే చోటు. వంతెన కింద నీటి కాకులు రెక్కలు ఆరబెట్టుకోవడం చూడాలంటే పొద్దున్నే వెళ్లాలి.

దక్కన్ పీఠభూమికి నదుల కంటే చెరువులే దిక్కు. కాకతీయుల నుంచి కుతుబ్‌షాహీల దాకా, ఆ తర్వాత నిజాముల దాకా ఎవరు ఏలినా నీళ్లు ఆపి తవ్వించినవే ఇవన్నీ. తాగునీటి కోసం, సాగు కోసం కట్టుకున్న ఆ చెరువులే శీతకాలంలో వలస పక్షులకు మజిలీలయ్యాయి. సూదితోక బాతులు, చెంచామూతి బాతులు వేల కిలోమీటర్లు ఎగిరొచ్చి, అపార్ట్‌మెంట్ల నీడ పడే నీళ్లలోనే దిగుతాయి.

అమీన్‌పూర్ చెరువు ఇబ్రహీం కుతుబ్‌షా కాలం నాటిదని చెబుతారు. ఒకప్పుడు 300 ఎకరాలకు పైగా ఉన్నది 93 ఎకరాలకు కుంచించుకుపోయింది. ఐపీఎస్ అధికారి తేజ్‌దీప్ కౌర్ మీనన్ చొరవతో చెత్త తీసి, మొక్కలు నాటి, కాపలా పెట్టాక ఆ చెరువుకు మళ్లీ ఊపిరొచ్చింది. 2016 నవంబరులో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు దక్కింది. దేశంలో ఒక నగర జలాశయానికి ఆ గుర్తింపు రావడం అదే మొదలు. అక్కడికొచ్చిన ఫ్లెమింగోల ఫొటోలు పత్రికల్లో పడ్డాకే, పక్క కాలనీల వాళ్లలో చాలామందికి తమ ఇంటి వెనక ఏముందో తెలిసింది.

ఫొటోగ్రాఫర్లకు ఈ చుట్టుపక్కల చోట్లకు కొదవ లేదు. కొండాపూర్‌లో 274 ఎకరాల కోట్ల విజయభాస్కరరెడ్డి బొటానికల్ గార్డెన్ ఉంది. మూసీ వరదల తర్వాత 1920లో పూర్తయిన గండిపేట, 1927 నాటి హిమాయత్‌సాగర్ జలాశయాలు ఉన్నాయి. పటాన్‌చెరు దగ్గర 1972లో మొదలైన ఇక్రిశాట్ ప్రాంగణం ఉంది. పొలాలు, చెరువులు కలగలిసి ఉండటంతో అక్కడ నీటి పక్షులూ, పొలం పిట్టలూ రెండూ కనబడతాయి. ఓపికుంటే మంజీర అభయారణ్యం, వికారాబాద్ జిల్లా ఎన్కతల గడ్డిమైదానాల దాకా వెళ్తారు. వీటన్నిటికీ నడిబొడ్డున, గచ్చిబౌలిలోనే, సుమారు 2,300 ఎకరాల కేటాయింపుతో 1974లో పుట్టిన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉంది. బఫెలో లేక్, పీకాక్ లేక్ అని పిల్లలు పిలుచుకునే చెరువులు ఆ ప్రాంగణంలోనివే.

లకుముకి మునక

టెలిఫొటో లెన్సుతో పని ఎంత కష్టమో తెలియాలంటే నలుపు తెలుపు మచ్చల లకుముకి పిట్టను పట్టి చూడాలి. మిగతా లకుముకిలు కొమ్మ మీదో తీగ మీదో కూర్చుని చేప కోసం కాచుకుంటాయి. దీనికి కొమ్మతో పని లేదు. నీళ్ల మీద ఇరవై, ముప్పై అడుగుల ఎత్తున గాలిలోనే నిలబడుతుంది. ఒళ్లు నిటారుగా ఉంటుంది, ముక్కు సూటిగా కిందికి చూస్తుంటుంది. రెక్కలు కంటికి ఆనవు. తల మాత్రం కదలదు. ఫోకస్ పడాల్సింది ఆ తల మీదే.

600 ఎంఎం లెన్సులోంచి చూస్తే లోకం మొత్తం నాలుగు డిగ్రీలకు కుదించుకుపోతుంది. మామూలు కంటికి ఎదురుగా కనబడే పిట్ట వ్యూఫైండర్‌లో దొరకదు. వెతికేలోపు వెళ్లిపోతుంది. అందుకే అలవాటైనవాళ్లు రెండు కళ్లూ తెరిచి ఉంచుతారు. ఒక కంటితో పిట్టను చూస్తూనే లెన్సును దాని మీదికి ఎత్తుతారు. జూమ్ లెన్సయితే ముందు 200 దగ్గర పెట్టి పిట్టను పట్టుకుని, తర్వాత 600కి లాగుతారు.

గాల్లో నిలబడ్డ లకుముకికి సెకనులో 2,000వ వంతు షట్టర్ చాలు. అది రెక్కలు ముడిచి నీళ్లలోకి దూకిందంటే 3,200వ వంతు కావాలి. అంత వేగం పెడితే వెలుతురు చాలదు. ఐఎస్‌ఓ పెంచాలి, పెంచితే ఫొటోలో గరుకు వస్తుంది. పొద్దున ఏడింటికి వెలుతురు మెత్తగా ఉంటుంది గానీ తక్కువ. తొమ్మిది దాటితే వెలుతురుకు లోటు లేదు గానీ నేల వేడెక్కి గాలి అలలు అలలుగా ఆడుతుంది. దూరాన ఉన్న పిట్ట ఈకలన్నీ అలుక్కుపోతాయి. ఎంత ఖరీదైన లెన్సయినా దక్కన్ ఎండ ముందు చేతులెత్తేయాల్సిందే. ఆ రెండు గంటల సందులోనే పని పూర్తి కావాలి.

లకుముకి దూకిన మరుక్షణం నీళ్లు చిమ్ముతాయి. అందరూ అక్కడే గురిపెడతారు. తెలిసినవాళ్లు మాత్రం అది పైకి తేలే చోటు కోసం చూస్తారు. ముక్కున అడ్డంగా పట్టిన చేప, మెడ నిండా నీటి బొట్లు, ఉదయపు ఎండ పడి మెరిసే కన్ను... అన్నీ కుదిరే ఆ క్షణం సెకనులో ఎన్నో వంతో ఉంటుంది. చేప చిన్నదైతే కొమ్మ దాకా కూడా వెళ్లదు, ఎగురుతూనే మింగేస్తుంది. చాలాసార్లు మునక ఉత్తదే అవుతుంది. పిట్టకూ చేప దొరకదు, ఫొటోగ్రాఫర్‌కూ ఫ్రేము దొరకదు. ఇద్దరూ మళ్లీ మొదలుపెడతారు.

లక్ష నుంచి పది లక్షల దాకా

ఈ సరదాకు డబ్బు కావాలి. అది ఐటీ జీతాల దగ్గర ఉంది. మొదటి బోనస్‌తోనో, ఈఎంఐ మీదో చాలామంది 150-600 ఎంఎం జూమ్‌తో మొదలుపెడతారు. సిగ్మా, టామ్రాన్ లెన్సులు లక్ష రూపాయలకు అటూ ఇటూ వస్తాయి. నైకాన్ 200-500, సోనీ 200-600, కెనాన్ 100-400 వంటివి వాడేవాళ్లు కట్ట మీద ఎక్కువగా కనబడతారు. 600 ఎంఎం ఎఫ్4 ప్రైమ్ లెన్సు ధర పది లక్షలు దాటుతుంది. దాన్ని భుజాన వేసుకుని ఎవరైనా వస్తే పిట్టల కంటే ముందు అందరి కళ్లూ అటే తిరుగుతాయి.

మిర్రర్‌లెస్ కెమెరాలు వచ్చాక ఆట తీరు మారింది. పిట్ట కన్ను ఎక్కడుందో కెమెరాయే గుర్తుపట్టి, అది ఎగిరినా కదిలినా ఫోకస్ వదలకుండా వెంటాడుతుంది. కొన్ని కెమెరాలు బటన్ నొక్కడానికి ముందున్న క్షణాలను కూడా దాచిపెడతాయి. పిట్ట ఎగిరాక ఉలిక్కిపడి నొక్కినా, ఎగరక ముందు ఫ్రేములు దొరుకుతాయి. పదేళ్ల కిందట ఏళ్ల తరబడి సాధన చేస్తే తప్ప రాని ఫొటో ఇప్పుడు కొత్తవాళ్లకూ వస్తోంది.

అయినా ఏ కెమెరా చేయలేని పని ఒకటుంది. పిట్ట ఎప్పుడొస్తుందో, ఎక్కడ వాలుతుందో, ఎగిరే ముందు ఏం చేస్తుందో అది చెప్పలేదు. చాలా పిట్టలు ఎగరబోయే ముందు రెట్ట వేస్తాయి, ఒళ్లు కొద్దిగా ముందుకు వంచుతాయి. ఎదురుగాలిలోకే లేస్తాయి. ఇవన్నీ తెలిసినవాడు పాత కెమెరాతో తీసేదాన్ని తెలియనివాడు పది లక్షల లెన్సుతో తీయలేడు. ఏ మూల ఏ పిట్ట వాలుతుందో చెరువులో వల వేసే బెస్తవాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు. "సారూ, గా మూలకు పోండ్రి, పొద్దుగాల పెద్ద కొంగలు దిగినయ్" అని ఒక్క మాట వాళ్లు చెబితే చాలు, ఉదయం పండినట్టే.

తుపాకీ దిగి, కెమెరా ఎక్కి

హైదరాబాద్‌కూ కెమెరాకూ బంధం పాతది. ఆరో నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ నవాబుల, ఆంగ్లేయ దొరల వేట విడిదులను ఫొటోలు తీశాడు. ఆ చిత్రాల్లో జంతువులు ఉంటాయి గానీ ప్రాణం ఉండదు. వేటాడి పడగొట్టిన పులి ముందు తుపాకులతో నిలబడ్డ మనుషులే అందులో కథానాయకులు. అప్పటి బరువైన కెమెరాలతో, నెమ్మదైన ప్లేట్లతో ఎగిరే పిట్టను పట్టడం కలలోని మాట. ఇంచుమించు ఆ రోజుల్లోనే ఇంగ్లండులో కియర్టన్ సోదరులు పక్షుల దగ్గరికి చేరడానికి ఎద్దు చర్మంతో బోలు బొమ్మ చేసి, దాని లోపల దూరి ఫొటోలు తీశారు. లెన్సు పొడవు చాలకపోతే మనిషే దగ్గరికి పోవాలి మరి!

శాస్త్రవేత్తలకు కూడా ఆనాడు తుపాకీయే ఆధారం. 1931-32లో యువకుడైన సలీం అలీ హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే చేశాడు. ఆయన చేసిన ప్రాంతీయ సర్వేల్లో మొదటిది ఇదే. అప్పటి సంస్థానంలో తెలంగాణతో పాటు మరాఠ్వాడా, కన్నడ జిల్లాలు కూడా ఉండేవి. భార్య తెహ్మీనాతో కలిసి గుడారాల్లో మకాం వేస్తూ తిరిగాడు. ఫలానా చోట ఫలానా పిట్ట ఉందని రాయాలంటే దాన్ని కాల్చి, చర్మం ఒలిచి, చీటీ కట్టి భద్రపరచాలి. అదే రుజువు. ఆ నివేదిక 1933-34లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్‌లో భాగాలుగా అచ్చయింది. తొంభై ఏళ్ల కిందట ఈ నేల మీద ఏ పిట్టలు ఉండేవో తెలుసుకోవాలంటే ఇవాళ్టికీ అదే దిక్కు.

రుజువు ఎంత దూరం పోతుందో చెప్పడానికి కలివికోడి కథ ఉంది. 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిపోయిందనుకున్న ఈ పక్షి 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర దొరికింది. ఐతన్న అనే స్థానిక వేటగాడు రాత్రి టార్చి వెలుగులో దాన్ని పట్టాడు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున దాని కోసం గాలిస్తున్న భరత్ భూషణ్ అది కలివికోడేనని తేల్చాడు. దాని ఆవాసం దెబ్బతినకూడదని తెలుగుగంగ కాలువ దారిని మళ్లించాల్సి వచ్చింది. కళ్లముందు పిట్ట లేకపోతే ఆ వాదనను ఎవరు పట్టించుకునేవారు?

హైదరాబాద్‌లో పక్షులను చూసేవాళ్లు 1980లోనే సంఘం పెట్టుకున్నారు. ఆంధ్రప్రదేశ్ బర్డ్‌వాచర్స్ సొసైటీగా మొదలై, ఇప్పుడు దక్కన్ బర్డర్స్‌గా కొనసాగుతోంది. ఆనాడు వాళ్ల చేతిలో ఉన్నది బైనాక్యులర్, నోటు పుస్తకం. ఐటీ ఉద్యోగాలతో ఊరు నిండాక హైదరాబాద్ బర్డింగ్ పాల్స్ వంటి బృందాలు వచ్చాయి. బైనాక్యులర్ పక్కన కెమెరా చేరింది. తుపాకీ చేసిన పనిని పిట్టకు వెంట్రుకంత హాని లేకుండా చేయగల సాధనం చేతికి అందింది.

కంచ గచ్చిబౌలి చెప్పిన పాఠం

ఆ సాధనం విలువ 2025 వసంతంలో అందరికీ తెలిసొచ్చింది. మార్చి 30, ఉగాది రోజు. యూనివర్సిటీని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లోకి భారీ యంత్రాలు దిగాయి. అది తమ భూమేనని, రికార్డుల్లో అడవి కాదని, ఐటీ అవసరాలకు అభివృద్ధి చేస్తామని రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. విద్యార్థులు అడ్డుపడ్డారు. చెట్లు కూలుతుంటే చీకట్లో నెమళ్లు అరుస్తున్న వీడియో దేశమంతా తిరిగింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానుగా జోక్యం చేసుకుని పనులు ఆపించింది. దాదాపు 100 ఎకరాల్లో చెట్లు పోయాయని, అక్కడ నెమళ్లు, జింకలు, పక్షులు కనబడ్డాయని హైకోర్టు రిజిస్ట్రార్ అదే రోజు వెళ్లి చూసి నివేదించారు.

ఆ రోజుల్లోనే ఇంకో గొడవ మొదలైంది. యంత్రాల ముందు పరుగెత్తే జింకలు, చచ్చిపడిన నెమళ్లు ఉన్న చిత్రాలు సామాజిక మాధ్యమాల్లో ముంచెత్తాయి. వాటిలో కొన్ని కృత్రిమ మేధతో పుట్టించినవి. నకిలీ చిత్రాలతో జనాన్ని రెచ్చగొట్టారని ప్రభుత్వం కేసులు పెట్టింది. మంచి ఉద్దేశంతో పంచుకున్నవాళ్లు కూడా నోటీసులు అందుకున్నారు. ఒక్క అబద్ధపు బొమ్మ చాలు, పక్కనున్న పది నిజమైన ఫొటోలను కూడా అనుమానించడానికి.

అప్పుడు నిలబడినవి ఏవి? యూనివర్సిటీలో వైల్డ్ లెన్స్ బృందం పిల్లలు, ఊళ్లోని పక్షి ప్రేమికులు ఏళ్లుగా పోగుచేసిన జాబితాలు, ఫొటోలు. ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏ చెరువు దగ్గర ఏ పిట్ట కనబడిందో వివరంగా రాసి పెట్టినవి. ఆ ప్రాంగణంలో 200కు పైగా పక్షి జాతులున్నాయన్న మాట ఆవేశంలో పుట్టింది కాదు, ఆ ఫొటోల్లోంచి వచ్చింది. వివాదం వస్తుందని ఊహించి తీసినవి కావు అవి. సరదాకి తీసి, శ్రద్ధగా దాచినవి. వాటిలో చాలావాటికి ఏ పోటీలోనూ బహుమతి రాదు. మసకగా, దూరంగా, కొమ్మల చాటున ఉన్న రికార్డ్ షాట్లు. కానీ అవి నిజం.

ఏఐ బొమ్మల కాలంలో కెమెరా తీసిన అసలు ఫైలుకు కొత్త గౌరవం వచ్చింది. రా ఫైలులో కెమెరా పేరు, తీసిన సమయం, షట్టర్ వేగం, లెన్సు వివరాలు నమోదై ఉంటాయి. ఫొటో తీసిన క్షణంలోనే కెమెరా దానికి డిజిటల్ ముద్ర వేసే పద్ధతి 2023లో వచ్చిన లైకా ఎం11-పీలో ఉంది. మిగతా పెద్ద కంపెనీలూ అదే దారిలో ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఇది ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. లాగ్ ఫైలు లేని సిస్టమ్‌ను వాళ్లెవరైనా నమ్ముతారా?

పాలపిట్ట లెక్క

తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట. దసరా నాడు జమ్మి కొట్టాక దాన్ని చూస్తే మంచిదని మన నమ్మకం. తీగ మీద ముడుచుకుని కూర్చున్నప్పుడు మట్టి రంగులో సాదాగా ఉంటుంది. ఎగిరిందా, రెక్కల్లో దాచుకున్న నీలమంతా ఒక్కసారి విప్పుతుంది. టెలిఫొటో ఉన్న ప్రతివాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు ఆ నీలం కోసం కాపు కాసినవాళ్లే.

ఈ పిట్ట తగ్గిపోతోందని ఊళ్లల్లో పెద్దవాళ్లు ఎప్పటి నుంచో అంటున్నారు. దాన్ని అంకెల్లో చూపించింది 2023లో వచ్చిన స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ నివేదిక. పన్నెండేళ్లలో పాలపిట్టల సంఖ్య దాదాపు 30 శాతం పడిపోయిందని అది తేల్చింది. ఈ పక్షి స్థితిని అంతర్జాతీయ స్థాయిలో మళ్లీ అంచనా వేయాలని కోరింది. ఆ నివేదికకు ఆధారం ఒకరిద్దరు శాస్త్రవేత్తల సర్వే కాదు. 30,000 మందికి పైగా మామూలు పక్షి ప్రేమికులు ఈబర్డ్‌లో నమోదు చేసిన 3 కోట్లకు పైగా పరిశీలనలు. అందులో ఉద్యోగులు, విద్యార్థులు, గృహిణులు, రిటైరైనవాళ్లు అందరూ ఉన్నారు.

అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం పక్షి పరిశోధన సంస్థ 2002లో మొదలుపెట్టిన ఈబర్డ్ ఉచితం. ఫోన్‌లోనే జాబితా రాసుకోవచ్చు. ఆ ప్రాంతంలో మామూలుగా ఉండని పిట్టను రాస్తే అది అందరికీ కనబడే లెక్కల్లోకి వెంటనే చేరదు. స్థానిక నిపుణులు పరిశీలిస్తారు, రుజువు అడుగుతారు. ఫొటో ఉంటే, మసకగా ఉన్నా పిట్టను పోల్చుకోగలిగితే చాలు, మాట నిలబడుతుంది. హైదరాబాద్ నగరానికి పక్షుల అట్లాస్ తయారుచేసే పని కూడా 2025లో మొదలైంది. ఊరిని గడులుగా విభజించి, స్వచ్ఛంద సేవకులు చలికాలంలో, వానాకాలంలో లెక్కలు తీస్తున్నారు. ఏ పిట్ట ఏ గడిలో ఉందో, ఏ గడిలోంచి మాయమైందో కొన్నేళ్లకు కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది.

లైకుల కోసం గూళ్లు కూల్చొద్దు

ఇదంతా ఒక వైపు. రెండో వైపు అంత అందంగా లేదు. లెన్సులు పెరిగేకొద్దీ తప్పులూ పెరిగాయి. గూటిలో పిల్లలు సరిగా కనబడటం లేదని అడ్డున్న కొమ్మ విరుస్తారు. గూటికి నీడ పోయి పిల్లలు ఎండకు మాడిపోతాయి, లేదా కాకి కంట పడతాయి. ఫోన్‌లో పిట్ట కూత పదేపదే మోగిస్తారు. తన హద్దులోకి శత్రువు వచ్చిందని నమ్మిన మగపిట్ట మేత మాని ఆ కూత చుట్టూ తిరుగుతుంది. తొట్టిలో చేపలు వేసి లకుముకిని రప్పిస్తారు. గుడ్లగూబ కళ్లలో రాత్రిపూట ఫ్లాష్ కొడతారు. ఎన్కతల లాంటి గడ్డిమైదానాల్లో పక్షికి దగ్గర కావాలని జీపులు గడ్డిలోకి తోలితే, నేల మీదే గుడ్లు పెట్టే పిట్టల గతేమిటి? చలికాలంలో వలస వచ్చే హ్యారియర్ డేగలు రాత్రి పడుకునేది ఆ గడ్డిలోనే.

దసరాకు పాలపిట్టను బోనులో పెట్టి, రెక్కలు కట్టేసి, దర్శనానికి డబ్బులు తీసుకునేవాళ్లను మనం తిడతాం. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం అది నేరం కూడా. గూడు దగ్గర గంటల తరబడి తిష్ట వేసి, తల్లిపిట్టను మేత తేనివ్వకుండా చేసి, ఆ ఫొటోను ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేవాళ్లు పిట్టకు చేస్తున్నది దాని కంటే తక్కువ హానా? చాలా పక్షి బృందాలు, పోటీలు గూడు ఫొటోలను ఇప్పుడు తీసుకోవడం లేదు. అరుదైన గుడ్లగూబ చోటును గ్రూపుల్లో పంచుకోవద్దని కట్టుబాటు పెట్టుకున్నాయి. ఒకరు లొకేషన్ పెడితే ఆదివారానికల్లా యాభై లెన్సులు అక్కడ వాలతాయని వాళ్లకు అనుభవం మీద తెలుసు.

టెలిఫొటో లెన్సు పుట్టిందే పిట్టకు దూరంగా ఉండటానికి. లక్షలు పోసి దాన్ని కొని, మళ్లీ పిట్ట మీదికి నడిచి వెళ్లడంలో అర్థం లేదు. పిట్ట మేత ఆపి మనల్ని చూస్తోందంటే మరీ దగ్గరికి వచ్చేశామని. ఎగిరిపోయిందంటే తప్పు మనదే.

కొత్తగా మొదలుపెడుతున్నారా?

• లెన్సు కొనకముందు బైనాక్యులర్ కొనండి. పిట్టను గుర్తుపట్టడం వచ్చాక కెమెరా పని సగం తేలికవుతుంది.

• పెద్ద లెన్సు కావాలనిపిస్తే ముందు అద్దెకు తీసుకుని రెండు మూడు వారాంతాలు మోసి చూడండి. బరువు అప్పుడే తెలుస్తుంది.

• సూర్యుడు మీ వీపున ఉండేలా నిలబడండి. వీలైతే కూర్చోండి, పడుకోండి. నీటి పక్షిని దాని కంటి ఎత్తు నుంచి తీసిన ఫొటోకే జీవం ఉంటుంది.

• తెల్ల కొంగను తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించండి. లేకపోతే ఈకలన్నీ తెల్లటి ముద్ద అయిపోతాయి.

• యూనివర్సిటీ, ఇక్రిశాట్ వంటి చోట్లకు అనుమతి తప్పనిసరి. బృందాలతో వెళ్తే సులువు. అభయారణ్యాల్లో అటవీ శాఖ నిబంధనలు కనుక్కునే వెళ్లండి.

• కెమెరాలో తేదీ, సమయం సరిగ్గా ఉన్నాయో లేదో ఈరోజే చూసుకోండి. చాలామంది మరిచిపోయేది ఇదే.

హార్డ్‌డిస్కులు తెరవండి

గండిపేట, హిమాయత్‌సాగర్ చుట్టూ నిర్మాణాలకు అడ్డుగా నిలిచిన 1996 నాటి జీవో 111 ఆంక్షలను 2022లో సడలించారు. రాబోయే పదేళ్లలో ఆ వైపు ఏ చెరువు ఉంటుంది, ఏది పార్కింగ్ స్థలం అవుతుందన్న ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. ప్రతిసారీ కోర్టుల్లో, కార్యాలయాల్లో అడిగే మొదటి మాట ఒకటే: అక్కడ ఏముందని? దానికి జవాబు ఈ నగరంలోని వందలాది హార్డ్‌డిస్కుల్లో ఇప్పటికే ఉంది. ఫోల్డర్ల అడుగున, బాగా రాలేదని ఎవరికీ చూపించకుండా వదిలేసిన ఫొటోల రూపంలో ఉంది.

ఈ ఆదివారం ఒక గంట కేటాయించండి. మీ ఇంటి పక్క చెరువు దగ్గర, ఆఫీసు వెనక గుట్ట మీద ఎప్పుడో తీసిన పిట్టల ఫొటోలు బయటికి తీయండి. తేదీ, చోటు సరిచూసి ఈబర్డ్‌లో ఎక్కించండి. గూళ్ల ఫొటోలు, గుడ్లగూబల చిరునామాలు మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి. "అక్కడేముంది, తుమ్మ చెట్లు తప్ప" అని రేపు ఎవరైనా అంటే, తీసి ముందు పెట్టడానికి ఆ మసక ఫొటోనే పనికొస్తుంది.